కొత్త విమానాలొస్తే నాన్నకెందుకు టెన్షన్?

పిల్లలూ,

మీలో ఒకమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నాన్న వాళ్ల కంపెనీ పాత విమానాలు తీసేసి కొత్తవి కొంటోందట. అందరూ సంబరపడుతుంటే నాన్న మాత్రం రాత్రి పొద్దుపోయేదాకా ఏవో కాగితాలు ముందేసుకుని కూర్చుంటున్నాడు. ఎందుకు?" నా ఉద్యోగమంతా విమానాల్లోనే గడిచింది. అందుకే ఈ జవాబు మీ అందరికీ రాస్తున్నాను.

కారు నడపడం వస్తే ఏ కారైనా నడిపేయొచ్చు. పెద్ద జెట్ విమానాలతో అలా కుదరదు, ఒక్కో రకానికీ విడిగా అనుమతి ఉండాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. బోయింగ్ 737 మీద వేల గంటలు ఎగిరిన కెప్టెనైనా సరే, ఎయిర్‌బస్ ఏ320లో కూర్చోవాలంటే మళ్లీ క్లాసులకు వెళ్లాలి, సిమ్యులేటర్‌లో సాధన చేయాలి, పరీక్ష పాసవ్వాలి. దానికి వారాలు పడుతుంది. అదే ఏ319, ఏ320, ఏ321లకైతే ఒక్క రేటింగ్ చాలు. కంపెనీలు ఒకే కుటుంబం విమానాలు కొనడానికి ఇష్టపడేది అందుకే.

ఇక నా సంగతి. నేను మొదట పైలట్‌ని కాదు, ఫ్లైట్ ఇంజనీర్‌ని. అప్పట్లో పెద్ద విమానాల కాక్‌పిట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. నా సీటు కో-పైలట్ వెనకాల. నా ఎదురుగా గోడంతా గేజీలే. ఏ ట్యాంకులోంచి ఏ ఇంజిన్‌కు ఇంధనం వెళ్తోంది, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఎంతుంది, జనరేటర్లు సరిగ్గా ఉన్నాయా, ఇవన్నీ నా కళ్లే కాపలా కాయాలి. రాత్రిళ్లు ఆ ముళ్ల మీద పడే సన్నటి వెలుగు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. పాత బోయింగ్ 747 కాక్‌పిట్‌లో లైట్లు, గేజీలు, స్విచ్‌లు కలిపి 971 ఉండేవి. 1989లో సర్వీసులోకొచ్చిన 747-400లో అవి 365 అయ్యాయి. ఆ తగ్గిన ఆరువందల్లోనే నా సీటూ పోయింది.

పైలట్ల సంఘాలు ఊరికే ఒప్పుకోలేదు. మూడో మనిషి ఉండటమే క్షేమమని అమెరికాలో పైలట్ల సంఘం ఆల్పా గట్టిగా వాదించింది. 1981లో అమెరికా అధ్యక్షుడు వేసిన నిపుణుల బృందం ఇద్దరు చాలని తేల్చాక, సంఘం ఆ మాటకు కట్టుబడింది. మా దగ్గర మా సంఘం ఒక మంచి పని చేసింది. కొత్త విమానం రాకముందే, కావాలన్న ఇంజనీర్లకు పైలట్ శిక్షణ ఇస్తామని కంపెనీ చేత రాయించుకుంది. అలా నేను నలభై దాటాక, అందరికన్నా జూనియర్ కో-పైలట్‌నయ్యాను.

జూనియర్ అన్న మాటలోనే అసలు విషయముంది. చాలా ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌కు ఏ విమానం, ఏ సీటు, ఏ సెలవు దొరకాలన్నా ముందు చూసేది సీనియారిటీ నంబరే, అంటే కంపెనీలో చేరిన వరుసలో అతను ఎన్నోవాడన్నదే. కంపెనీ మారితే మళ్లీ అట్టడుగు నుంచి మొదలు. ఇప్పుడు ఓ పెద్ద విమానాన్ని తీసేశారనుకోండి. దాని కెప్టెన్ తన సీనియారిటీతో మధ్యరకం విమానం సీటు అడుగుతాడు. అక్కడి జూనియర్ కెప్టెన్ చిన్న విమానానికి దిగుతాడు. ఆ చిన్న విమానంలో ఇంకో కెప్టెన్ భుజం మీది నాలుగు గీతల్లో ఒకటి తీసేసి మళ్లీ కో-పైలట్ అవుతాడు. చిట్టచివరి కుర్రాడికి కూర్చోడానికి సీటే ఉండదు. పని దొరికాక పిలుస్తామని ఇంటికి పంపుతారు. దాన్నే ఫర్లో అంటారు. పోయింది ఒక్క సీటే, జీవితాలు తలకిందులైంది నలుగురివి.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎయిర్ ఫ్రాన్స్ ఏ380లను, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747లను, డెల్టా 777లను పూర్తిగా పక్కన పెట్టేశాయి. వాటి మీదే ఏళ్ల తరబడి ఎగిరినవాళ్ల చేతిలోని రేటింగ్ ఆ కంపెనీలో ఇక పనికిరాకుండా పోయింది.

ఈ సీనియారిటీ వరుస పద్ధతి కుర్రాళ్ల మీద చాలా కఠినంగా పడుతుంది, అది నాకూ బాధే. అయినా నేను దాని పక్షమే. అది లేకపోతే ఎవరుండాలో, ఎవరు పోవాలో పై అధికారి ఇష్టం మీద ఆధారపడుతుంది. అధికారికి కోపమొస్తుందని భయపడే పైలట్, వాతావరణం బాగాలేదు, విమానం ఎత్తనని ఎలా చెప్పగలడు?

సంఘాలు విమానం సైజు మీద కూడా బేరమాడతాయి. అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్స్ పేరు మీద చిన్న కంపెనీలు, తక్కువ జీతాల పైలట్లతో, విమానాలు నడుపుతాయి. ఆ విమానాలు 76 సీట్లు, 86,000 పౌండ్లు, అంటే దాదాపు 39,000 కిలోలు, దాటకూడదని పెద్ద కంపెనీల పైలట్లు ఒప్పందాల్లో రాయించుకున్నారు. జపాన్‌లో మిత్సుబిషి తయారుచేసిన స్పేస్‌జెట్ ఎం90 ఆ బరువు దాటిపోయింది. దాన్నక్కడ అమ్మడం కష్టమైంది. ఆలస్యాలు, ఖర్చులు కూడా తోడై 2023లో ఆ ప్రాజెక్టునే ఆపేశారు. కాగితం మీది ఒక్క వాక్యానికి అంత బలముంది!

అమ్మాయీ, మీ నాన్న ముందున్న కాగితాల్లో ఒకటి ఆ సీనియారిటీ జాబితా అయి ఉంటుంది. రెండోది ఏ విమానం, ఏ సీటు కావాలో రాసివ్వాల్సిన ఫారం. రేపు రాత్రి పక్కన కూర్చుని ఆయన నంబరెంతో అడుగు. జాబితాలో చూపించి, తన కింద ఎంతమంది ఉన్నారో కూడా చెబుతాడు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య