నరం దొరకని చోట: రక్తనాళాల శస్త్రచికిత్స వెనుక కథ

విశాఖపట్నంలో ఏ ఆస్పత్రి వార్డులోనైనా వినిపించే మాట: "నరం దొరకడం లేదు." సూది గుచ్చేది సిరకు. మనకు మాత్రం మెదడు సందేశాలు మోసే నాడి, రక్తాన్ని గుండెకు తెచ్చే సిర, గుండె నుంచి తీసుకెళ్లే ధమని అన్నీ నరాలే. మాటవరసకు పరవాలేదు గాని, జబ్బు దగ్గర ఈ కలగాపులగం ఖరీదైనది. నాలుగడుగులు వేయగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గే నొప్పికి తరచుగా కారణం ధమనిలో పూడిక. రోగి నరాల బలహీనతకు మాత్రలు మింగుతూ, కాలి వేలు నల్లబడ్డాక గాని రక్తనాళాల సర్జన్‌ను వెతుక్కోడు.

అసలు ఆ సర్జన్లే కొత్త. 1923లో ఇక్కడ కింగ్ జార్జ్ ఆస్పత్రి, వైద్య కళాశాల మొదలయ్యేనాటికి నాళాన్ని అతికే విద్య వయసు రెండు దశాబ్దాలే. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు పెద్ద సిర తెగి మరణించాడు, కుట్టగలిగినవారు లేరు. ఆ ఊరి యువ వైద్యుడు అలెక్సిస్ కారెల్‌ను అది వదల్లేదు. ఎంబ్రాయిడరీ చేసే స్త్రీ దగ్గర సన్నసూది పని నేర్చుకుని, 1902లో నాళాల కొసలను మూడుచోట్ల లాగిపట్టి కుట్టే పద్ధతి ప్రకటించాడు. 1912లో నోబెల్ అందుకున్నాడు. బట్టతో చుట్టరికం అక్కడితో ఆగలేదు: 1950లలో హ్యూస్టన్‌లో మైఖేల్ డిబేకీ కుట్టుమిషన్ మీద డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డతో కృత్రిమ నాళాలు కుట్టాడు. 1990లో అర్జెంటీనా సర్జన్ హువాన్ పరోడీ ఉబ్బిన బృహద్ధమనిలోకి పొట్ట కోయకుండానే, తొడ దగ్గరి ధమని గుండా స్టెంట్ గ్రాఫ్ట్, అంటే లోహపు జాలీ ఉన్న గుడ్డ గొట్టం, పంపాడు.

అరుదైన జబ్బుల్లో రెండింటికి 1908 గుర్తుండిపోయే ఏడాది. జపాన్‌లో కంటి వైద్యుడు తకయాసు ఒక యువతి కంటిలో వింతగా అల్లుకున్న నాళాలను వర్ణించాడు. అమెరికాలో లియో బర్గర్ పొగాకుతో ముడిపడిన నాళాల వాపును వివరించాడు. మొదటిది బృహద్ధమని, దాని కొమ్మలు వాచే జబ్బు, ఎక్కువగా ఆసియా యువతులకు వస్తుంది; మణికట్టు దగ్గర నాడి కొట్టుకోవడం చేతికి అందదు. వాపు చల్లారాకే బైపాస్ మేలు. రెండోదానిలో చిన్న నాళాలే మూసుకుపోతాయి గనుక బైపాస్ అతికే చోటే చాలాసార్లు దొరకదు. పొగాకు మానడమే అసలు మందు. చుట్టను నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన ఉత్తరాంధ్రలో ఇది చెప్పినంత తేలిక కాదు.

ఒకప్పుడు కష్టమైన కేసంటే రైలెక్కి, కాట్పాడిలో దిగి, వేలూరు వెళ్లడమే. ఇప్పుడు నగరంలోనే సర్జన్లున్నారు; 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకు దారి తెరిచింది. దూరం మాత్రం తరగలేదు. రక్తపు గడ్డ కాలి ధమనికి హఠాత్తుగా అడ్డుపడితే సుమారు ఆరు గంటల్లో తీయాలి. తీసే పని 1960ల ఆరంభంలోనే ఫోగర్టీ బెలూన్ గొట్టంతో సులువైంది. పాడేరు నుంచి ఘాట్ దిగి నగరం చేరేసరికి అందులో సగం పోతుంది. మిగతా సగం, మొదట నరాల డాక్టరు దగ్గరికి వెళ్తే.