మక్క తెగుళ్లు, విదేశీ పరిశోధన: అపోహలు - వాస్తవాలు

నేను మొక్కజొన్న (మక్క) తెగుళ్ల మీద పని చేస్తాను. నర్సంపేట, మహబూబాబాద్ వైపు చేలల్లోకి వెళ్తే రైతులూ డీలర్లూ కొన్ని మాటలు తప్పకుండా అంటారు. బయటి దేశాలతో కలిసి చేసే పరిశోధన అనగానే అనుమానం వస్తుంది. అడగడం మంచిదే. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది.

అపోహ: విదేశీ సంస్థ చేయి పడిందంటే అది జన్యుమార్పిడి విత్తనమే.

కాదు. మన దేశంలో జన్యుమార్పిడి మక్క సాగుకు అనుమతి లేదు. హైబ్రిడ్ అంటే రెండు శుద్ధ లైన్ల (తరతరాలు తన పుప్పొడితోనే గింజ కట్టించి, గుణాలు మారకుండా నిలిపిన వంశాల) సంకరం. ఆడ వరసల జల్లు తీసేసి, మగ వరసల పుప్పొడి పడనివ్వడం విత్తనోత్పత్తి చేసే ఊళ్లలో అందరికీ తెలిసిన పనే. అసలు కష్టం శుద్ధ లైను తయారు చేయడంలో ఉంది. పాత పద్ధతిలో దానికి ఆరేడు పంటకాలాలు పట్టేది. డబుల్డ్ హాప్లాయిడ్ పద్ధతిలో, అంటే సగం క్రోమోజోములే ఉన్న మొక్కలను పుట్టించి, ఆ క్రోమోజోములను రెట్టింపు చేసే పద్ధతిలో, రెండు మూడు చాలు. ఆ సగం క్రోమోజోముల గింజలు పుట్టడానికి పుప్పొడినిచ్చే ఇండ్యూసర్ లైన్లను ఉష్ణమండల వాతావరణానికి తగినట్టు తయారు చేసింది మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం (సిమ్మిట్), జర్మనీలోని హోహెన్‌హైమ్ యూనివర్సిటీ కలిసి. 2021లో కర్ణాటకలోని కునిగల్‌లో ఈ పద్ధతిలో లైన్లు తయారు చేసే కేంద్రం మొదలైంది. ఇందులో జన్యుమార్పిడి ఏమీ లేదు.

అపోహ: మెక్సికో రకం తెచ్చి నేరుగా మన రైతు నెత్తిన రుద్దుతారు.

మక్క పుట్టిందే మెక్సికోలో, టియోసింటే అనే అడవి గడ్డి నుంచి, సుమారు 9 వేల ఏళ్ల కింద. అందుకే తెగుళ్లను తట్టుకునే గుణాల కోసం వెతికేవాళ్లు అక్కడి విత్తన సేకరణను వదులుకోలేరు. మనం ఈ దారి పట్టి చాలా కాలమైంది. అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో 1957లో అఖిల భారత సమన్వయ మొక్కజొన్న ప్రాజెక్టు మొదలైంది. 1961లో గంగ-1, గంగ-101, రంజిత్, దక్కన్ హైబ్రిడ్లు వచ్చాయి.

కానీ అక్కడి నుంచి వచ్చేవి ఎక్కువగా సంకరానికి పనికొచ్చే లైన్లు. అవి ముందు క్వారంటైన్ పరీక్ష (బయటి నుంచి వచ్చిన విత్తనంలో రోగం, పురుగు ఉన్నాయేమో చూసే తనిఖీ) దాటాలి. ఆ తర్వాత మా వంతు. అక్కడ తెగులు తట్టుకున్న లైను ఇక్కడా తట్టుకుంటుందన్న నమ్మకం లేదు.

యాసంగిలో మనల్ని ఎక్కువ ఏడిపించే ఎండుకుళ్లు తెగులునే చూడండి. పూత వరకు చేను పచ్చగా ఉంటుంది. తర్వాత నేల వేడెక్కి, బావిలో నీళ్లు తగ్గి, ఒక తడి ఆలస్యమయ్యే సరికి కాండం లోపల కుళ్లు మొదలవుతుంది. చీల్చి చూస్తే బెండు పోయి పీచు మిగిలి, దాని మీద మసి చల్లినట్టు నల్లటి చుక్కలుంటాయి. చల్లటి కొండ ప్రాంతంలో పరీక్షించిన లైను దీన్ని ఎన్నడూ చూసి ఉండదు. అందుకే మేం టూత్‌పిక్‌ల మీద ఆ శిలీంధ్రాన్ని పెంచి, పూత దశలో కింది కణుపుల మధ్య కాండంలోకి గుచ్చుతాం. కోతకు ముందు ఒక్కో కాండాన్ని నిలువునా చీల్చి, కుళ్లు ఎంత పాకిందో 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తాం (మార్కు పెరిగితే కుళ్లు ఎక్కువని). మంచి దిగుబడినిచ్చే లైన్లెన్నో ఇక్కడే ఆగిపోతాయి. చేతులు నల్లబడే ఈ పని లేకుండా ఎవరి జన్యు నిధి అయినా రైతుకు అక్కరకు రాదని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. అంతా వాళ్లే ఇచ్చారు, మనం తీసుకున్నాం అనుకోవద్దు. నాణ్యమైన మాంసకృత్తులున్న మక్కను తయారు చేసినందుకు 2000లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ అందుకున్న ఇద్దరిలో సురీందర్ వాసల్ మన దేశస్థుడు. రెండోవారు మెక్సికోకు చెందిన ఎవాంజెలీనా విల్లెగాస్.

అపోహ: ఈ రాకపోకల వల్లే కొత్త పురుగులు, తెగుళ్లు వస్తున్నాయి.

విత్తనంతో రోగం వచ్చే ప్రమాదం నిజమే, క్వారంటైన్ ఉన్నది అందుకే. అయితే కత్తెర పురుగు సంగతి వేరు. అమెరికా ఖండాల ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో, 2018లో మన దేశంలో, మొదట కర్ణాటకలో కనబడింది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు ఎగరగలదు. పరిశోధన ఆపితే అది ఆగేది కాదు. ఆఫ్రికా అనుభవం ముందే అందుబాటులో ఉండటం మనకు మేలైంది.

కెన్యాలో 2011లో రెండు వైరస్‌లు కలిసి మక్కను నిలువునా ఎండబెట్టే తెగులు బయటపడింది. మన దగ్గర అది లేదు, రాకూడదు కూడా. దాన్ని తట్టుకునే లైన్లను ఎంపిక చేయాలంటే వైరస్‌ను ఇక్కడికి తేలేం కదా. ఆ పరీక్షల కోసమే కెన్యాలోని నైవాషాలో 2013 నుంచి ప్రత్యేక కేంద్రం నడుస్తోంది. సహకారం లేకపోతే రోగం వచ్చాక వెతుకులాట మొదలుపెట్టాలి.

అపోహ: పటాన్‌చెరు ఇక్రిశాట్‌దే (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ) మక్క పరిశోధన.

ఇక్రిశాట్ పంటలు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటివి. సిమ్మిట్ ఆసియా మొక్కజొన్న విభాగం ఆ ఆవరణలోనే ఉండటంతో ఈ గందరగోళం.

అపోహ: తట్టుకునే రకం వేస్తే ఇక టెన్షన్ లేదు.

తట్టుకోవడమంటే అసలు రాకపోవడం కాదు. 1970లో అమెరికాలో ఎక్కువ హైబ్రిడ్లు ఒకే రకం కణద్రవ్యంతో (ఆడ మొక్క నుంచి వచ్చే, కణ కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) తయారవడంతో, ఒక ఆకు ఎండు తెగులు ఆ ఏడాది పంటలో సుమారు 15 శాతం మింగేసింది. ఊరంతా ఒకే హైబ్రిడ్ వేయొద్దని మేం చెప్పేది అందుకే. మన ఎండుకుళ్లుకైతే పూత తర్వాత ఏ మందు కొట్టినా డబ్బు దండగ. పూత, గింజ పాలుపోసుకునే దశల్లో తడి తప్పనివ్వకండి. యూరియా ఒక్కటే గుప్పించకుండా పొటాష్ వేయండి. ఏటేటా అదే చేలో మక్క వేయకండి.

చేనులో మొక్కలు అర్ధంతరంగా ఎండుతుంటే, వేళ్లతో సహా పీకి కాగితంలో చుట్టి వరంగల్ ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకురండి. ప్లాస్టిక్ కవర్‌లో అయితే దారిలోనే మురిగిపోయి అసలు శిలీంధ్రం దొరకదు. ఏ రకం వేశారు, ఆఖరి తడి ఎప్పుడు ఇచ్చారు, అంతకుముందు ఆ చేలో ఏ పంట ఉందో ఒక చీటీ మీద రాసి జతచేయండి.