బిళ్ళగన్నేరు గురించి అడిగారుగా

పిల్లలూ,

మొన్న ఆదివారం మేడ మీద బిళ్ళగన్నేరు పూలు కోస్తుంటే "ఇందులో క్యాన్సర్ మందు ఉందంట, నిజమేనా అమ్మమ్మా" అని అడిగారు, నేనేమో పూజకి వేళవుతోందని ఊ అనేసి కిందికి దిగిపోయాను. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, అంత మంచి ప్రశ్నకి అలా జవాబివ్వకూడదు.

నిజమే. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆకుల్లో షుగర్ మందు కోసం వెతికారు. షుగర్ తగ్గలేదు గానీ ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి, ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. దాని చెల్లెలు లాంటి విన్‌క్రిస్టిన్‌ని ఇవాళ్టికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇస్తారు. (అలాగని ఆకులు నమలొద్దు, విషం. మన వీధిలోనే షుగర్‌కని నమిలేవాళ్లున్నారు, చూస్తే నాకు భయమేస్తుంది.)

ఈ మందు పట్టుకునేది ట్యుబులిన్ అనే ప్రొటీన్‌ని. దాని ఆల్ఫా, బీటా జతలు వరసగా పేరుకుంటే సన్నని గొట్టాలవుతాయి, కణం రెండయ్యేటప్పుడు క్రోమోజోముల్ని చెరోపక్కకి లాగేవి అవే. మన ఎదురు అపార్ట్‌మెంట్‌కి సరుగుడు కర్రలతో పరంజా కట్టారు చూడండి, కట్టడం ఎంత ముఖ్యమో విప్పడమూ అంతే. బిళ్ళగన్నేరు మందు గొట్టాన్ని కట్టనివ్వదు, యూ చెట్టు బెరడులో దొరికిన టాక్సాల్ అనే ఇంకో క్యాన్సర్ మందు విప్పనివ్వదు. ఎలాగైనా కణం మధ్యలో ఆగి చస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది దక్షిణాఫ్రికా చెట్టులో దొరికిన కాంబ్రెటాస్టాటిన్. రెండు బెంజీన్ వలయాలు, మధ్యలో డబుల్ బాండ్ వంతెన, అంతే. వలయాలు రెండూ ఒకే పక్కనుంటే అణువు వంగి ట్యుబులిన్‌లోని గుంటలో కుదురుకుంటుంది, అదే వెలుతురు తగిలి ఒకటి అటు తిరిగిందా, తిన్నగా సాగిపోయి పట్టు పోతుంది. అందుకని కెమిస్టులు వంతెన తీసేసి, తిరగడానికి వీల్లేని చిన్న వలయం పెట్టి చూశారు. రెండు బెంజీన్ వలయాల్లో మూడు మెథాక్సీ గుంపులు (ఆక్సిజన్‌తో అతుక్కున్న CH₃) ఉన్నదాన్ని మాత్రం చాలామంది ముట్టుకోలేదు, పట్టు దానిదే మరి. కాంబ్రెటాస్టాటిన్ నీళ్లలో కరగదని దానికి ఫాస్ఫేట్ తగిలించారు, ఒంట్లోకి వెళ్లాక అది ఊడిపోతుంది. అలా మనుషుల మీద పరీక్షల (ట్రయల్స్) దాకా వెళ్లింది.

ఇక జపాన్ సముద్రపు స్పాంజి 600 కేజీలు తెస్తే ఈ గొట్టాల్నే అడ్డుకునే హాలికాండ్రిన్ అనే పదార్థం వచ్చింది 12.5 మిల్లీగ్రాములు! అందులో పనిచేసే సగాన్నే ల్యాబ్‌లో కట్టి ఎరిబ్యులిన్ అనే క్యాన్సర్ మందు చేశారు, 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆర్కే బీచ్‌లో నడిచినప్పుడల్లా నాకు ఆ స్పాంజి గుర్తొస్తుంది.

మీ పెద్దమ్మమ్మకి టాక్సాల్ ఎక్కించినప్పుడు వేళ్లు తిమ్మిరెక్కి జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోయేది, నేనే పెట్టేదాన్ని. నరాల పొడుగాటి పోగుల్లో సరుకు నడిచేది కూడా ఈ గొట్టాల మీదే. క్యాన్సర్ కణాన్ని ఆపి నరం జోలికి పోని అణువు కావాలి, ఈ పనంతటిలోనూ కష్టమైన లెక్క అదే అనుకుంటాను.

ఆదివారం వచ్చేటప్పుడు అగ్గిపుల్లలు, బంకమట్టి తీసుకురండి. ఆ వంకర అణువుని చేసిస్తాను, మీ చేతులతోనే తిప్పి చూద్దురుగాని.

మీ అమ్మమ్మ,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం