సీసం అడుగున సిలికాన్ ఎలా కనిపించింది?

స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ పైపొరనే చూస్తుంది. 1981లో జ్యూరిక్ దగ్గర ఐబీఎం ల్యాబ్‌లో బిన్నిగ్, రోరర్ తయారుచేసిన యంత్రం ఇది (1986కల్లా నోబెల్ కూడా వచ్చేసింది). లోహపు సూదిమొనను నమూనాకి నానోమీటరు దూరంలోకి తెస్తే మధ్యలోని ఖాళీని ఎలక్ట్రాన్లు దాటేస్తాయి. ఆ ఖాళీ 0.1 నానోమీటరు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదో వంతుకి పడిపోతుంది.

కానీ చిప్‌లో అసలు కథ నడిచేది లోహం, సిలికాన్ కలిసే అతుకు దగ్గర. లోహాన్ని చెక్కి చూద్దామంటే ఆ అతుకే పాడైపోవచ్చు. పైనుంచి విద్యుత్ క్షేత్రం పంపుదామంటే లోహం దాన్ని ఒకటి రెండు పరమాణువుల లోతులోనే ఆపేస్తుంది.

1990ల చివర్లో ఆల్ట్‌ఫెడర్, చెన్, మత్వియేవ్ అనే శాస్త్రవేత్తలు లోహం అడుగున ఏముందో చూసే పనిని ఎలక్ట్రాన్లకే అప్పగించారు. మెట్లు మెట్లుగా ఉన్న సిలికాన్ మీద సీసం పెంచితే దాని పైభాగం చదునుగానే వస్తుంది, మందం మాత్రం ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పొర చొప్పున మారుతుంది. పైన శూన్యానికీ కింద సిలికాన్‌కీ మధ్య ఇరుక్కున్న ఎలక్ట్రాన్ అలలకి ఆ మందాన్ని బట్టి కొన్ని శక్తులే కుదురుతాయి. పుచ్చకాయని తట్టి లోపల పండిందో లేదో చెప్పినట్టు, వోల్టేజి మారుస్తూ పోతే ఏ మందం ఎక్కడుందో తెలిసిపోతుంది: చదునైన సీసం మీదే చారలు కనిపించాయి! సీసంలో ఇంకో తమాషా ఉంది, రెండు పొరలు పెరిగేసరికి ఆ శక్తుల వరస దాదాపు మళ్లీ మొదటికొస్తుంది.

మెట్లతో ఆగలేదు. 1998లో దాదాపు 10 నానోమీటర్ల సీసం అడుగునుంచి, సుమారు 2.7 నానోమీటర్లకోసారి పునరావృతమయ్యే సిలికాన్ 7×7 అమరికని (సిలికాన్ పైపొరలో పరమాణువులు సర్దుకునే ఒక నమూనా) కూడా బయటికి లాగారు. నాకైతే నమ్మశక్యం కానిది ఇదే, ఎందుకంటే అంత దూరం పోయొచ్చేసరికి ఎలక్ట్రాన్ పక్కలకి చెదిరిపోయి బొమ్మ అలుక్కుపోవాలి. అలా కాకపోవడానికి వాళ్లు చెప్పిన కారణం, సీసంలో ఆ ఎలక్ట్రాన్లు నిలువుగా తేలిగ్గా కదులుతాయి కానీ అడ్డంగా చాలా బరువైనవాటిలా ప్రవర్తిస్తాయని. అంటే ఏ లోహమైనా ఇలా సహకరిస్తుందని కాదు.

దీనికి పదేళ్ల ముందే, 1988లో, కైజర్, బెల్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో దారి చూపించారు. పల్చటి బంగారం మీదికి సూదినుంచి ఎలక్ట్రాన్లని వదిలి, అతుకు దగ్గరి శక్తి గట్టు దాటి సిలికాన్‌లోకి ఎన్ని దిగాయో ఇంకో వైరుతో కొలిచారు. బంగారానికీ సిలికాన్‌కీ మధ్య ఆ గట్టు దాదాపు 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ పద్ధతికి సీసం పొరలాంటి చక్కటి స్ఫటికం అక్కర్లేదు, అడుగున సెమీకండక్టర్ లాంటిది ఉంటే చాలు.