ఎంఎస్‌డబ్ల్యూ కథ సెక్షన్ 49 దగ్గర మలుపు తిరిగింది

పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. వాటితో పాటే పాత ప్రశ్న ఒకటి మళ్లీ ముందుకొచ్చింది. ఫ్యాక్టరీలో కార్మికుల సంక్షేమం చూసే వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టు ఎవరిది? ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినవాళ్లదా, ఎంబీఏ హెచ్‌ఆర్ చేసినవాళ్లదా? 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోటే ఈ పోస్టు తప్పనిసరిగా ఉండేది. కొత్తగా వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. లెక్క ప్రకారం పోస్టులు పెరగాలి. కానీ ఆ పోస్టుకు ఏం చదివి ఉండాలో కోడ్ చెప్పలేదు, ప్రభుత్వాలు రాసే రూల్స్‌కు వదిలేసింది. యూనివర్సిటీల సోషల్ వర్క్ విభాగాల్లో టెన్షన్ అంతా ఆ రూల్స్ గురించే.

సోషల్ వర్క్ చదువు చరిత్ర ఎవరు చెప్పినా 1936 బొంబాయి నుంచి, అమెరికన్ మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షర్ట్ నుంచి మొదలుపెడతారు. దొరాబ్జీ టాటా పేరిట పెట్టిన స్కూలు టిస్‌గా (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) మారడం, ఢిల్లీలో, బరోడాలో యూనివర్సిటీ కోర్సులు రావడం తెలిసిన సంగతులే. ఇప్పటి పేచీకి మూలం వాటిలో లేదు, 1948లో ఉంది.

అంతకు ముందు మిల్లుల్లో మనిషిని పనిలో పెట్టేదీ తీసేసేదీ జాబర్. దక్షిణాదిలో మేస్త్రీ అనేవారు. పని ఇప్పించినందుకు మామూలు, పని నిలబెట్టుకోవడానికి మళ్లీ మామూలు. ఈ పెత్తనాన్ని తప్పించడానికి లేబర్ ఆఫీసర్లను నియమించమని 1931లో కార్మికుల పరిస్థితిని పరిశీలించిన విట్లీ కమిషన్ సిఫార్సు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక ఫ్యాక్టరీల చట్టంలోని సెక్షన్ 49 వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టును తప్పనిసరి చేసి, అర్హతలు, విధులు, సర్వీసు షరతులు రాసే పనిని రాష్ట్రాలకు అప్పగించింది.

చిత్రమైన ఉద్యోగం ఇది. జీతం ఇచ్చేది యజమాని, చూసుకోవాల్సింది కార్మికుణ్ణి. క్యాంటీన్‌లో అన్నం ఎలా ఉంది, క్రెష్‌లో పిల్లలకు పాలు అందుతున్నాయా, సెలవు దరఖాస్తు ఎవరి బల్ల మీద ఆగింది, ఇవన్నీ అతని పనే. కార్మికుల మీద క్రమశిక్షణ కేసులు వెల్ఫేర్ ఆఫీసర్ చూడకూడదనీ, వాళ్లకు వ్యతిరేకంగా మేనేజ్‌మెంట్ తరఫున కోర్టుకు వెళ్లకూడదనీ పలు రాష్ట్రాల రూల్స్ స్పష్టంగా రాశాయి. ఉద్యోగం తీసేస్తే ప్రభుత్వానికి అప్పీలు చేసుకునే హక్కును కూడా పంజాబ్ రూల్స్ ఇచ్చాయి. అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీలో పనిచేసిన ఒక వెల్ఫేర్ ఆఫీసర్ కేసు ఈ హక్కు మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి అప్పీలు వినేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కూడా ట్రిబ్యునలే (కోర్టులా తీర్పు చెప్పే సంస్థే) అవుతుందని 1965లో కోర్టు తేల్చింది. న్యాయశాస్త్రం విద్యార్థులు ఈ కేసును ట్రిబ్యునళ్ల పాఠంలో చదువుతారు. దాని వెనక ఉన్నది వెల్ఫేర్ ఆఫీసర్ ఉద్యోగమని చాలామందికి గుర్తుండదు.

చట్టం పోస్టు సృష్టించింది సరే, అందులో కూర్చోబెట్టడానికి చదువుకున్న మనిషి కావాలి. సోషల్ వర్క్ స్కూళ్ల దశ తిరిగింది ఇక్కడే. ఆస్పత్రులు, జైళ్లు, బాలల హోములు, బస్తీ సంఘాలు, ఇలా ఈ చదువుకు పనికొచ్చే చోట్లు చాలానే ఉన్నా ఉద్యోగాలు తక్కువ, జీతాలు మరీ తక్కువ. ఫ్యాక్టరీలో మాత్రం చట్టం పిలిచి మరీ ఉద్యోగం ఇస్తోంది. దాంతో లేబర్ వెల్ఫేర్, పర్సనెల్ మేనేజ్‌మెంట్ (సిబ్బంది వ్యవహారాలు) అనే స్పెషలైజేషన్ మిగతా అన్నింటినీ మింగేసింది. పబ్లిక్ యూనివర్సిటీలో తక్కువ ఫీజుతో చదివి, ఇంట్లో మొదటి జీతం తెచ్చే పిల్లలు ఉద్యోగం ఉన్న పేపర్‌నే ఎంచుకుంటారు. ఇందులో వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు.

విభాగాల సంగతి వేరు. పిల్లలకు ప్లేస్‌మెంట్లు వస్తున్నాయి కదా అని అవి నిమ్మళంగా ఉండిపోయాయి. నర్సులకు 1947లో, న్యాయవాదులకు 1961లో, ఆర్కిటెక్టులకు 1972లో చట్టబద్ధమైన కౌన్సిళ్లు వచ్చాయి. ఎవరు ప్రాక్టీసు చేయొచ్చు, ఏం చదవాలి, తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి ఆ చట్టాలు తేల్చాయి. సోషల్ వర్క్‌కు అలాంటి కౌన్సిల్ కోసం ముసాయిదా బిల్లు తయారయ్యేసరికి 1990లు వచ్చాయి. అది ముసాయిదాగానే మిగిలింది. ఈలోపు యూజీసీ రెండుసార్లు కమిటీలు వేసింది. 1980లో వెలువడిన రెండో నివేదిక ఒక్కో మనిషి ఇబ్బంది చక్కదిద్దడం దగ్గరే ఆగొద్దనీ, పేదరికం వైపు, అభివృద్ధి వైపు పాఠాలు మళ్లించమనీ చెప్పింది. మాటలు బాగున్నాయి గానీ, ఫ్యాక్టరీ ఉద్యోగం చూసుకుని చేరిన విద్యార్థిని అవి కదిలించలేకపోయాయి.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత నేల కదిలింది. పర్సనెల్ మేనేజ్‌మెంట్ పేరు హెచ్‌ఆర్ అయింది, బిజినెస్ స్కూళ్లు దాన్ని సొంతం చేసుకున్నాయి. పరిశ్రమల వాదన సూటిగానే ఉంటుంది. జీతాలు, నియామకాలు, లేబర్ చట్టం అన్నీ చూసుకునే మనిషి ఒకరు చాలనీ, సంక్షేమం కోసం విడిగా మరొకరు అక్కర్లేదనీ. చాలాచోట్ల వెల్ఫేర్ ఆఫీసర్ పేరు హెచ్‌ఆర్ మేనేజర్ బోర్డు మీదే అదనంగా చేరింది.

ఎంఎస్‌డబ్ల్యూ టీచర్లు దీనికి చెప్పే జవాబు ఫీల్డ్ వర్క్. అదేమిటో తెలియనివాళ్లకు ఈ వాదన అర్థం కాదు. రెండేళ్ల కోర్సులో సాధారణంగా వారానికి రెండు రోజులు విద్యార్థి క్లాసులో ఉండడు. ఆస్పత్రి వార్డులోనో, బస్తీలోనో, ఫ్యాక్టరీలోనో, ఏదో ఒక సంస్థలోనో ఉంటాడు. వచ్చాక ఆ రోజు ఎవరితో మాట్లాడాడు, ఏం అడిగాడు, ఏం అడగలేకపోయాడు అన్నది రిపోర్టు రాయాలి. సూపర్‌వైజర్ దాన్ని చదివి ఎదురుగా కూర్చోబెట్టి, ‘ఆవిడ ఏడుస్తుంటే నువ్వు ఫారం నింపుతూ కూర్చున్నావా?’ అని అడుగుతారు. పైగా రూరల్ క్యాంప్, చివర్లో నెల రోజులు ఒకే సంస్థలో పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్, వైవా. జీతం ఇచ్చే యజమానికీ కడుపు మండిన కార్మికుడికీ మధ్య నిలబడాల్సిన మనిషికి ఈ తర్ఫీదు కావాలన్నది టీచర్ల మాట. ఎంబీఏ ఇంటర్న్‌షిప్‌లో నేర్పేది సంస్థ పని. ఎదుటి మనిషి మాట వినడం అక్కడ సిలబస్‌లో భాగం కాదు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు.

అయితే అదే ఫీల్డ్ వర్క్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఎలా నడుస్తోందన్నది ఆ విభాగాలకు తెలుసు. ఖాళీలు నింపక గెస్ట్ ఫ్యాకల్టీతో బండి లాగుతున్న చోట ఒక్కొక్కరికి రావాల్సిన దాని కంటే ఎక్కువ మంది విద్యార్థులు వస్తారు. రిపోర్టు చదవడం పోయి సంతకం పెట్టడం మిగులుతుంది. కౌన్సిల్ ఉంటే కనీసం ఇన్ని పోస్టులు లేకుండా కోర్సు నడపకూడదని యూనివర్సిటీని నిలదీసేది. నర్సింగ్ కాలేజీకి ఆ భయం ఉంటుంది, సోషల్ వర్క్ విభాగానికి లేదు.

ఆస్పత్రి వైపు పరిస్థితి కొంత నయం అనుకుంటే అక్కడా చిక్కే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరో నిర్వచించింది. సోషల్ వర్క్‌లో పీజీ, దాని మీద రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ ఉండాలంది. 2022లో యూజీసీ ఎంఫిల్‌నే ఎత్తేసింది. గోల రేగాక క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు 2025-26 వరకు మినహాయింపు ఇచ్చింది. మధ్యలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం క్లినికల్, మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను తన షెడ్యూల్లో చేర్చుకుంది. అంటే ఆస్పత్రిలో పనిచేసే సోషల్ వర్కర్‌కు ఒక రెగ్యులేటర్ దొరికింది. అదే క్లాసులో పక్క బెంచీ మీద కూర్చుని కమ్యూనిటీ డెవలప్‌మెంటో లేబర్ వెల్ఫేరో చదివినవాళ్లకు ఏదీ లేదు.

సోషల్ వర్క్ విభాగాలు ప్రభుత్వాలకు వినతిపత్రాలు ఇవ్వడంలో అర్థముంది, కానీ అడుగుతున్నది మళ్లీ 1948 నాటిదే. రూల్స్‌లో మా డిగ్రీ పేరు రాయండి అని. రాసినా అది ఆ ప్రభుత్వ పరిధిలోనే చెల్లుతుంది. ఆంధ్రా యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చదివి బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, ఆలిండియా బార్ పరీక్ష పాసైనవాళ్లు దేశంలో ఏ కోర్టులోనైనా వాదించొచ్చు. అదే యూనివర్సిటీ ఎంఎస్‌డబ్ల్యూ పట్టా విశాఖలో వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టుకు అర్హత అయి, పక్క రాష్ట్రంలో కాకుండా పోవచ్చు. రూల్స్ ఎవరికి వారు రాసుకుంటారు కాబట్టి.