‘మా పేరు రాసుకున్నారు కదా!’: పునర్నిర్మాణంపై అపోహలు, వాస్తవాలు

భూకంపాలు, వరదల తర్వాత పునర్నిర్మాణ సమన్వయంలో పనిచేసేవాళ్లకు ప్రతిచోటా ఎదురయ్యే మాట ఒకటుంది: ‘మా పేరు అప్పుడే రాసుకున్నారు కదా, మళ్లీ ఎందుకు?’ ఈ ధీమాతోనే ఇంటి సాయం చేజార్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఒకసారి పేరు నమోదైతే సాయమంతా దానంతట అదే వస్తుంది.

వాస్తవం: రాసుకోవడాలు మూడు. మొదటిది తక్షణ సాయానికి: గుడారం, దుప్పట్లు, చేతి ఖర్చుకు కాస్త నగదు. అక్కడ చూసేది మనుషుల్ని, ఇంటిని కాదు. రెండోది రంగాలవారీ నష్ట అంచనా. ఏ రంగంలో ఎంత పోయింది, ప్రభుత్వం ఎంత సమకూర్చుకోవాలి అన్నది అందులో తేలుతుంది. దాంట్లో మీ పేరే ఉండదు. మూడోది ఇంటింటి సాంకేతిక పరిశీలన. గోడల పగుళ్లు, పునాది, కప్పు చూసి ఆ ఇల్లు బాగుచేస్తే నిలుస్తుందా, మళ్లీ కట్టాలా అన్నది తేలుస్తారు. ఇల్లు కట్టుకునే డబ్బు ఈ మూడోదాన్ని బట్టే వస్తుంది.

నేపాల్‌నే తీసుకోండి. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది. తాత్కాలిక నీడ కోసం ఇచ్చిన 15,000 రూపాయలు (వాళ్ల రూపాయలే) ఒక జాబితా ప్రకారం ఇచ్చారు. ఇంటికి ఇచ్చే సాయాన్ని వేరే సర్వే చేసి, లబ్ధిదారుతో ఒప్పందంపై సంతకం చేయించుకున్నాక మొదలుపెట్టారు. మొదట 2 లక్షలు అనుకున్నదాన్ని 3 లక్షలకు పెంచి, 50 వేలు, లక్షన్నర, లక్ష చొప్పున మూడు విడతలుగా ఇచ్చారు. నష్టం దాదాపు 700 కోట్ల డాలర్లని అంచనా వచ్చింది. ఇలాంటి అంకె పేపర్లో పడగానే ఎవరో ఒకరు దాన్ని కుటుంబాల సంఖ్యతో భాగించి, ‘మన వాటా ఇంత’ అని ఊరంతా చెప్పేస్తారు. రోడ్లు, బడులు, ఆగిపోయిన ఆదాయాలు అన్నీ కలిస్తేనే ఆ అంకె అని ఎన్నిసార్లు చెప్పినా, ఆ పుకారు మాకంటే ముందే తర్వాతి ఊరు చేరుతుంది.

ఒక వరద తర్వాత ఒక పెద్దాయన తక్షణ సాయం చీటీకి లామినేషన్ చేయించి జేబులో పెట్టుకు తిరిగేవారు. ఇంజినీరు వచ్చిన రోజు ఆయన కూతురి దగ్గర ఉన్నారు. ఫోను చేస్తే ‘మాది అయిపోయింది, చీటీ ఉంది’ అన్నారట. పక్కింటివాళ్లూ అదే చెప్పారు. పరిశీలన పత్రంలో ఆ ఇంటికి ‘ఎవరూ నివసించడం లేదు’ అని పడింది. నాలుగు నెలల తర్వాత ఇంటి సాయం జాబితా అంటించాక ఆయన మా బల్ల ముందుకు వచ్చి, ఆ చీటీని రెండు వేళ్లతో నా వైపు జరిపారు. దాని మీద ఇంటి నంబరు కూడా లేదు. అభ్యంతరాల గడువు ఇంకా ముగియలేదు గనుక దరఖాస్తు రాయించాం. మళ్లీ పరిశీలన జరిగి పేరు ఎక్కేసరికి మరో వర్షాకాలం టార్పాలిన్ కింద గడిచిపోయింది.

తప్పు ఆయనదని నేను అనను. అయినవాళ్లను, ఇంటిని పోగొట్టుకున్న మనిషిని మూడు కాగితాల తేడా గుర్తుపెట్టుకోమనడం అన్యాయం. సహాయ శాఖ జాబితా ఒకటి, గృహనిర్మాణ శాఖది మరొకటి, రెండింట్లో అదే మనిషి పేరు రెండు రకాలుగా ఉంటుంది. అన్నిచోట్లా ఒకే గుర్తింపు సంఖ్య వాడాలని విపత్తుకు ముందే శాఖలు ఒప్పుకుని ఉండాలి. వచ్చాక కూర్చుంటే ఎవరి ఫారం వారిదే.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఇది. శిథిలాలు తీసేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. ఎవరు వచ్చినా ‘ఇది దేనికోసం?’ అని అడగండి. జాబితాలో పేరు లేకపోతే కంగారుపడకండి. మొదటి జాబితాలో తప్పులుంటాయి, అభ్యంతరాలకు గడువు ఇచ్చేది అందుకే. రసీదు మాత్రం తీసుకోండి.

మిగతావి త్వరగా చెబుతాను.

అపోహ: రెండో విడత ఆగిందంటే ఎవరో తినేశారు.

వాస్తవం: ఎక్కువసార్లు తనిఖీ జరగలేదని అర్థం. పునాది చూడకుండా గోడలకు డబ్బు ఇవ్వరు. తినేసేవాళ్లు లేరని కాదు, ముందు తనిఖీ తేదీ అడగండి.

అపోహ: దాతలు ప్రకటించారంటే డబ్బు వచ్చేసినట్టే.

వాస్తవం: ప్రకటన హామీ మాత్రమే. ఒప్పందాలు, బడ్జెట్, ప్రాజెక్టులు దాటాలి.

అపోహ: ప్రత్యేక సంస్థ పెడితే పనులు పరుగెడతాయి.

వాస్తవం: అధికారం, సిబ్బంది, గడువు ఉంటేనే. 2004 సునామీ తర్వాత అచే ప్రాంతంలో ఇండోనేషియా పెట్టిన పునర్నిర్మాణ సంస్థ 2005లో మొదలై, అనుకున్నట్టే నాలుగేళ్లకు ముగిసింది. నేపాల్‌లో సంస్థకు చట్టం, అధిపతి కుదిరేసరికే 2015 డిసెంబరు వచ్చింది.

అపోహ: నీటి ఒడ్డు నుంచి అందరినీ దూరంగా పంపేస్తే సరిపోతుంది.

వాస్తవం: సునామీ తర్వాత శ్రీలంక తీరంలో కొన్నిచోట్ల 100, మరికొన్నిచోట్ల 200 మీటర్ల నిషేధ హద్దు పెట్టి, తర్వాత సడలించాల్సి వచ్చింది. వలలు, పడవలు ఒడ్డున ఉంటే జాలరి లోపలి కాలనీలో ఎన్నాళ్లుంటాడు?