ఆస్కార్ నామినేషన్ల మీద వాదించుకునే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

జనవరిలో ఆస్కార్ నామినేషన్ల జాబితా వచ్చిన రోజు మీ అందరిదీ ఒకటే మాట: ‘ఫలానా సినిమాకి అన్యాయం చేశారు’. చేశారంటే ఎవరు చేశారు? ఏ దశలో చేశారు? అది తెలియకుండా వాదించుకుంటే గొంతు పోవడమే తప్ప సంగతి తేలదు. అందుకే ఆ జాబితా ఎలా తయారవుతుందో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఓటర్ల విషయం. ఆస్కార్లు ఇచ్చే సంస్థ అకాడమీ. అందులో ఓటు వేసే సభ్యులు దాదాపు 10,000 మంది. కానీ నామినేషన్ల దశలో అందరూ అన్నిటికీ ఓటేయరు. నటీనటుల పేర్లు నటుల శాఖ ఎంచుతుంది, కెమెరా పనితనాన్ని ఛాయాగ్రాహకుల శాఖ, దర్శకులను దర్శకుల శాఖ. ఉత్తమ చిత్రానికి మాత్రం అందరికీ ఓటుంటుంది. కీరవాణిని, చంద్రబోస్‌ని 2023లో సంగీత శాఖలోకి, రాజమౌళిని 2024లో దర్శకుల శాఖలోకి అకాడమీ ఆహ్వానించిందంటే అర్థం ఇదే. ఏ శాఖలో ఉంటే ఆ పనిలో ఎవరు మేటో చెప్పే హక్కు వస్తుంది.

ఇక సీట్లు, అంటే నామినేషన్ల జాబితాలో చోట్లు. 2022 వేడుక నుంచి ఉత్తమ చిత్రానికి కచ్చితంగా 10 సీట్లు, దర్శకుడికి 5. అంటే ఉత్తమ చిత్రం జాబితాలో చేరిన సినిమాల్లో కనీసం సగం సినిమాల దర్శకులకు చోటు దొరకదు. ‘సినిమాకి ఇచ్చి, తీసినవాళ్లకి ఇవ్వరా?’ అని మీరు అడిగే ప్రశ్నకు సగం జవాబు ఈ లెక్కలోనే ఉంది.

మిగతా సగం లెక్కింపులో ఉంది. ఇది మీకు కొత్తేమీ కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మొదటి ప్రాధాన్య ఓట్లు, రెండో ప్రాధాన్య ఓట్లు, ఎలిమినేషన్ అంటూ టీవీల్లో లెక్కింపు గంటల తరబడి సాగడం చూసే ఉంటారు. రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకునేదీ ఈ పద్ధతిలోనే. ఆస్కార్ నామినేషన్లదీ అదే దారి. ఓటరు తనకు నచ్చిన పేర్లను ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి రాస్తాడు. గెలవడానికి కావలసిన కోటా ఎంతంటే, సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి, దానితో పోలైన ఓట్లను భాగించి, వచ్చినదానికి మళ్లీ ఒకటి కలపాలి. 600 ఓట్లు పడి 5 సీట్లుంటే, 600ని 6తో భాగిస్తే 100, ఒకటి కలిపితే 101. ఆ చివరి ఒకటి ఎందుకంటే, ఆరుగురికి తలా 101 రావాలంటే 606 ఓట్లు కావాలి, ఉన్నవి 600. కాబట్టి కోటా అందుకునేవాళ్లు ఎప్పటికీ ఐదుగురిని దాటరు.

మీ తరగతిలో 30 మంది ఉన్నారనుకుని ఒకసారి చీటీలతో చేసి చూద్దాం. 5 సీట్లు, కోటా 6. సినిమాల పేర్లు క, గ, చ, ట, త, ప, న అనుకోండి. మొదటి పేరుగా క 9 చీటీల్లో ఉంది, గ 6, చ 5, ట 4, త 3, ప 2, న ఒక్కదానిలో. క, గ అక్కడికక్కడే గెలిచాయి. క కోటాని బాగా దాటింది, దానికి 3 ఓట్లు మిగులు. మిగులును పారేయరు. ఆ 9 చీటీలనూ ఒక్కోటి మూడో వంతు విలువతో రెండో పేరుకు పంచుతారు. వాటిలో 6 చీటీల మీద రెండో పేరు ప, 3 చీటీల మీద చ. అప్పుడు ప 2 నుంచి 4కి వచ్చింది, చ 5 నుంచి 6కి చేరి గెలిచింది. ఇప్పుడు అందరికంటే కింద ఉన్నది న. దాన్ని తీసేసి ఆ చీటీని దాని మీద రెండో పేరున్న ట కట్టలో వేస్తారు, ట 5 అయింది. ఇక మిగిలింది ట 5, ప 4, త 3. సీట్లు రెండే కాబట్టి త బయటికి.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా చూడండి. మొదటి ఓట్లలో ప కంటే త ముందుంది. అయినా ఓడింది, ఎందుకంటే గెలిచినవాళ్ల చీటీల్లో రెండో పేరుగా దాన్ని ఎవరూ రాయలేదు. ఇక న పేరును 20 మంది మూడో పేరుగా రాశారనుకుందాం. ఆ 20 చీటీలూ అసలు లెక్కలోకి రాకముందే న పోయింది. అందరికీ ‘బాగానే ఉంది’ అనిపించిన సినిమా నామినేషన్ల దశలో రాలిపోతుంది. కొందరికి ప్రాణమైన సినిమా నిలుస్తుంది.

విజేతను ఎంచే చివరి దశలో లెక్క మారుతుంది. అప్పుడు ఏ శాఖవాళ్లైనా అన్ని విభాగాలకూ ఓటేయవచ్చు. ఉత్తమ చిత్రానికి సీటు ఒకటే, సగం దాటాలి. అక్కడ ఎక్కువమంది రెండో పేరుగానో మూడో పేరుగానో రాసిన సినిమాకు బలం. 2013లో ‘ఆర్గో’ తీసిన బెన్ అఫ్లెక్‌కి దర్శకత్వం నామినేషనే రాలేదు, సినిమా మాత్రం ఉత్తమ చిత్రమైంది. ఓటర్లు వేరు, సీట్లు వేరు, గెలుపు గీత వేరు. అది తెలిస్తే ఆ ఫలితం వింతగా అనిపించదు.

ఓటింగ్ కంటే ముందే మూసుకుపోయే తలుపు ఒకటుంది. నాకు అసలు బాధ కలిగించేది అదే. అంతర్జాతీయ చిత్రం విభాగానికి 2022లో ఒక్కో దేశం ఒక్క సినిమానే పంపాలి. మన దేశం తరఫున ఎంచేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఆ ఏడు పంపింది గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ని. అది మంచి సినిమా, 15 చిత్రాల షార్ట్‌లిస్టు దాకా వెళ్లింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. ‘ఆర్‌ఆర్‌ఆర్’కి మాత్రం ఆ దారి మూసుకుపోయింది. అందుకని అది మిగతా విభాగాల్లో మామూలు పోటీకి దిగింది. దానికి దేశం అనుమతి అక్కర్లేదు. అమెరికాలో నిర్ణయించిన ఆరు నగర ప్రాంతాల్లో ఒకదానిలో వరసగా 7 రోజులు థియేటర్లో ఆడితే అప్పట్లో సరిపోయేది. ఫ్రాన్స్‌లోనూ ఇలాగే జరిగింది. 2023లో వాళ్లు ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’ని పంపలేదు. ఆ సినిమాకే ఉత్తమ చిత్రం, దర్శకత్వంతో కలిపి 5 నామినేషన్లు వచ్చాయి. ఫ్రాన్స్ పంపిన సినిమా నామినేషన్ పొందే చివరి ఐదింటిలోకి చేరలేదు. మన దేశం పంపినవాటిలో ఆ ఐదింటి దాకా వెళ్లినవి ‘మదర్ ఇండియా’, ‘సలాం బాంబే’, ‘లగాన్’, ఈ మూడే. ఇన్ని భాషల్లో ఇన్ని సినిమాలు తీసే దేశానికి ఏడాదికి ఒక్క సినిమా అన్న ఆ నిబంధన నా దృష్టిలో సరైనది కాదు.

ఇక వాదించే తీరు. ‘రావాల్సింది’ అన్నవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఎవర్ని తీసేసి? 2024లో ‘బార్బీ’ తీసిన గ్రెటా గెర్విగ్‌కి దర్శకత్వం నామినేషన్ రాలేదని చాలామంది కోప్పడ్డారు. ఆ ఐదుగురు జస్టిన్ ట్రియే, మార్టిన్ స్కోర్సెసీ, క్రిస్టఫర్ నోలన్, యోర్గోస్ లాంథిమోస్, జోనథన్ గ్లేజర్. వీళ్లలో ఒకరి పేరు కొట్టేసి, ఎందుకు కొట్టేశారో ఒక సన్నివేశం చూపించి చెప్పగలిగితే అది వాదన. చెప్పలేకపోతే అది అభిమానం. అభిమానం తప్పు కాదు, కానీ దాన్ని వాదన అనుకోకూడదు.

రెండోది, ఏ పనికి ఇస్తున్నారో అది మాత్రమే చూడండి. ‘నాటు నాటు’ అనగానే అందరికీ కాళ్లే గుర్తొస్తాయి. కానీ 2023 మార్చిలో వచ్చిన ఆస్కార్, ఆ పాటను రాసినవారికి, స్వరపరిచినవారికి. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు కాదు, స్టెప్పులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కీ కాదు. నృత్యానికి ఒక విభాగం ఒకప్పుడు ఉండేది, 1935 నుంచి 1937 దాకా వచ్చిన చిత్రాలకు ఇచ్చి ఆపేశారు. ఆ పాట గురించి వాదించేటప్పుడు కళ్లు మూసుకుని వినండి. పల్లె వాసన ఉన్న ఆ పోలికలు, దరువుకు తగ్గట్టు విరిగే ఆ పొట్టి మాటలు, అవీ అక్కడ తూకం వేయాల్సినవి. అలాగే సెట్టింగు భారీగా ఉంటే అది ప్రొడక్షన్ డిజైన్ గొప్పతనం, దర్శకత్వానిది కాకపోవచ్చు. షాట్‌కీ షాట్‌కీ మధ్య కట్లు ఎక్కువుంటే ఎడిటింగ్ బాగున్నట్టూ కాదు. పాత్ర మంచిదైతే నటన మంచిదని పొరబడటం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

వచ్చే డిసెంబరులో మీరు తెలుగు సినిమాలకు ఇలా చీటీలు వేసుకోవాలనుకుంటే, ముందు ఆ ఏడాది విడుదలైన సినిమాలన్నిటినీ నెలలవారీగా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. లేకపోతే సంక్రాంతికి వచ్చినవి ఎవరికీ గుర్తుండవు, దసరా తర్వాత వచ్చినవే చీటీల నిండా ఉంటాయి. హాలీవుడ్‌లో అవార్డు మీద ఆశ ఉన్న సినిమాలను ఏడాది చివర్లో వదలడానికి ఒక కారణం ఈ మతిమరుపే. చూడని సినిమాకు ఓటు వేయనివ్వకండి. చీటీ మీద ఐదు పేర్లూ నింపించండి. ఒక్క పేరే రాస్తే, అది ఓడిన మరుక్షణం ఆ చీటీకి విలువ ఉండదు. లెక్కపెట్టేటప్పుడు కట్టలను విడివిడిగా పెట్టి, ఏ చీటీ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో బోర్డు మీద రాయండి. అనుమానం వచ్చినవాళ్లు మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న